బందరు కోట మీద పందెం

1759 నవంబరులో ఒక రాత్రి ఈస్టిండియా కంపెనీ గవర్నరు క్లైవ్ కలకత్తాలో పేకాడుతున్నాడు. అంతలో కల్నల్ ఫోర్డ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. డచ్చివాళ్ళు ఓడల్లో సైన్యాన్ని తెచ్చి హుగ్లీ ఒడ్డున దించారు. ఇంగ్లండుకూ హాలండుకూ మధ్య యుద్ధం లేదు. కొట్టమని కౌన్సిలు రాతపూర్వకంగా ఆజ్ఞ ఇస్తే కొడతాను, లేకపోతే రేపు ఇది నా మెడకు చుట్టుకుంటుంది అన్నది ఫోర్డ్ భయం. క్లైవ్ బల్ల దగ్గర్నుంచి లేవలేదు. వెంటనే కొట్టెయ్యి, ఉత్తర్వు రేపు పంపిస్తాను అని పెన్సిలుతో రెండు మాటలు గీకిచ్చి మళ్ళీ ఆటలో పడ్డాడు. ఆ రెండు మాటలూ ఫోర్డ్ ఉత్తరం వెనకే రాశాడని కొందరంటారు, పేకముక్క వెనక రాశాడని కొందరంటారు. పేకముక్కయితే కథ మరీ బావుంటుంది. అందుకే నాకు దానిమీద కొంచెం అనుమానం.

నవంబరు 25న బిదర్రా దగ్గర ఫోర్డ్ డచ్చివాళ్ళను కాసేపట్లోనే చితక్కొట్టాడు. బెంగాల్లో వాళ్ళ కథ అక్కడితో సరి. ఇక అప్పట్నుంచీ ఈ పేకాట కథ చెప్పిన ప్రతివాడూ క్లైవ్ నిబ్బరాన్ని మెచ్చుకుంటూనే ఉన్నాడు. అదే ఫోర్డ్ ఓడిపోయి ఉంటే? కథలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. అదే రాత్రి, అదే బల్ల, అదే పెన్సిలు. కాకపోతే చెప్పేవాళ్ళ గొంతు మారేది. కాగితం పూర్తిగా చదివే తీరిక కూడా లేక, పేకాట పిచ్చిలో కంపెనీ కొంప ముంచాడనేవాళ్ళు.

చరిత్ర పుస్తకాలు చదువుతున్నప్పుడు నన్ను గిల్లేది ఇదే. నిర్ణయం తీసుకున్న క్షణంలో వాడి చేతిలో ఏ ముక్కలున్నాయో ఎవరూ అడగరు. ఆట ముగిశాక బల్లమీద పరిచిన ముక్కలు చూసి, వాడు ఎంత బాగా ఆడాడో, ఎంత చెత్తగా ఆడాడో చెబుతారు.

జూదమూ చరిత్రా అనగానే మనవాళ్ళ మనసు నేరుగా ధర్మరాజు దగ్గరికి పోతుంది. లేదంటే పల్నాటికి, నాగమ్మా బ్రహ్మనాయుడూ కట్టిన కోడిపందేల బరి దగ్గరికి. ఆ రెండూ నా పనికి రావు. శకుని పాచికల్లో అదృష్టమన్నది లేదు. అతను కోరిన పందెం పడుతుంది, అంతే. దాన్ని జూదమనడం జూదానికే అవమానం. పల్నాటి కథలోనూ నాగమ్మ ఏదో మాయ చేసిందనే వినికిడి. ఓడినవాళ్ళ వైపు నుంచి కథ నడిచినప్పుడు ఎదుటివాడి పాచికల మీద అనుమానం రావడం మామూలే అనుకోండి.

ఆ మాటకొస్తే ప్లాసీ కూడా సగం శకుని పాచికే. 1757 జూన్ 21న క్లైవ్ తన అధికారులను కూర్చోబెట్టి ఇప్పుడే యుద్ధానికి పోదామా, ఆగుదామా అని అడిగాడు. పదమూడు మంది ఆగుదామన్నారు, ఏడుగురు పోదామన్నారు. ఆగుదామన్నవాళ్ళలో క్లైవ్ కూడా ఉన్నాడు. ఆ తరవాత చెట్లకిందికి పోయి గంటసేపు ఒంటరిగా కూర్చుని లేచి, పోదామన్నాడు. 23న మధ్యాహ్నం వాన పడింది. ఇంగ్లీషువాళ్ళు మందుగుండు మీద గుడ్డలు కప్పుకున్నారు, నవాబు మనుషులు కప్పుకోలేదు. వాన అదృష్టమే, కాదనను. కానీ నవాబు సేనాపతి మీర్ జాఫర్ తన సైన్యంతో పక్కన నిలబడి చోద్యం చూడటం అదృష్టం కాదు, బేరం. ఎదుటివాడి చేతిలో సగం ముక్కలు ముందే కొనేసి ఆడిన ఆట అది. నిఖార్సయిన జూదం చూడాలంటే బెంగాల్ దాకా ఎందుకు, మన బందరు చాలు. అక్కడ ఆడినవాడు ఈ ఫోర్డే. డచ్చివాళ్ళ గొడవకు ఏడు నెలల ముందు సంగతి.

దానికి మొదలు బొబ్బిలి. 1757 జనవరి 24న ఫ్రెంచి దొర బుస్సీ ఫిరంగులు పెట్టి బొబ్బిలి కోట కూల్చిన కథ తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. బుస్సీని అక్కడికి తీసుకొచ్చిన విజయనగరం రాజు, పూసపాటి విజయరామరాజు, ఆరోజు పందెం గెలిచాడు. రోజులు తిరక్కుండానే ఒక రాత్రి తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి అతణ్ణి పొడిచేశాడు. గద్దెకెక్కిన ఆనందరాజుకు బుస్సీ అంటే గిట్టలేదు. ప్లాసీ జరిగిన ఆ జూన్‌లోనే బుస్సీ విశాఖపట్నాన్ని ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నాడు. ఉత్తర సర్కారులన్నీ ఫ్రెంచివాళ్ళ గుప్పిట్లో ఉన్నాయి. సరిగ్గా అప్పుడు, 1758లో, కొత్తగా వచ్చిన ఫ్రెంచి సేనాపతి లాలీ మద్రాసు కొట్టాలని పట్టుపట్టి బుస్సీని తన దగ్గరికి పిలిపించుకున్నాడు. సర్కారుల్లో కాన్‌ఫ్లాన్స్ అనే ఆయన మిగిలాడు. ఆనందరాజు ఇదే అదను అనుకున్నాడు. విశాఖపట్నంలో ఫ్రెంచివాళ్ళను పట్టి కట్టేసి, రండి, ఈ దేశం మీకిప్పిస్తాను అని మద్రాసు ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు.

మద్రాసువాళ్ళు రామన్నారు. లాలీ ఎప్పుడొచ్చి మీద పడతాడో తెలియదు, ఉన్న సైన్యం కోటకే చాలదు. రమ్మీ ఆడేవాళ్ళకు ఈ పరిస్థితి బాగా తెలుసు. పదమూడు ముక్కలూ విప్పి చూసుకుంటే జోకరు లేదు, రెండు ముక్కలకు పొత్తు లేదు. అలాంటప్పుడు తెలివైనవాడు మొదట్లోనే డ్రాప్ కొడతాడు, ఇరవై పాయింట్లతో పోతుంది. కాస్త చూద్దాం, ముక్క తగలకపోతుందా అని కూర్చున్నవాడికి ఎనభై పడుతుంది. పెళ్ళిళ్ళలో, విడిదింట్లో తెల్లవార్లూ సాగే ఆటల్లో నేను గమనించిందేమిటంటే, మంచి ఆటగాడి గొప్పతనమంతా వాడు కొట్టిన డ్రాపుల్లోనే ఉంటుంది, ఉదయం కాఫీల దగ్గర మాత్రం ఆ డ్రాపుల గురించి ఎవరూ మాట్లాడరు. తురుపులాంటి ముక్క ఎలా తగిలిందో, ఎవడు ఎవడికి ఫుల్ కౌంట్ ఎలా పెట్టాడో, అవే కబుర్లు. మద్రాసు కౌన్సిలు 1758లో కొట్టింది అలాంటి డ్రాప్. నా లెక్కన తప్పేమీ లేదు. కానీ దాన్ని మెచ్చుకున్న పుస్తకం నేను చూడలేదు.

ఆనందరాజు ఊరుకోక అదే కబురు కలకత్తాకు పంపాడు. అక్కడా కౌన్సిలు సభ్యులు వద్దనే అన్నారు. బెంగాల్లో కాలింకా నిలదొక్కుకోలేదు, మీర్ జాఫర్‌ను నమ్మేదెలా, ఉన్న కొద్దిపాటి గోరా సైన్యాన్ని ఎక్కడికో పంపితే ఇక్కడేమవుతుంది? క్లైవ్ అందరి మాటా తోసేసి, ఐదొందల మంది యూరోపియన్లనూ రెండువేల మంది సిపాయిలనూ ఫోర్డ్‌కిచ్చి 1758 అక్టోబరులో ఓడ ఎక్కించాడు. ఒప్పందం కుదిరింది. నెలకు యాభైవేల రూపాయలు రాజు ఇవ్వాలి, గెలిచినవాటిలో సముద్రపొడ్డు కంపెనీది, లోపలి సీమ రాజుది.

డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో మొదటి ఆట. కాన్‌ఫ్లాన్స్ సైన్యం ఎక్కువ. కానీ ఫోర్డ్ తన గోరా సైనికులను నిలువెత్తు చేను వెనక ఉంచాడు. బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని ఉన్నారు. ఫ్రెంచివాళ్ళు ఆ ఎర్రకోట్లను చూసి తెల్లవాళ్ళే అనుకుని మీదపడి తరిమారు, గెలిచామనుకుని వరస తప్పారు, అప్పుడు చేను వెనక నుంచి అసలు తెల్లవాళ్ళు బయటికొచ్చారు. చేను ఆ ఎత్తున ఎదిగి ఉండటం, కోటు రంగు అదే కావడం, ఈ రెండింటిలో ఫోర్డ్ తెలివి ఎంత, కాలం కలిసిరావడం ఎంత అని తూచబోతే త్రాసు ఎటూ మొగ్గదు. నక్క తోక తొక్కి వచ్చాడని ఒకడంటే, కాదు, తొక్కడానికి నక్కను వెతుక్కుంటూ పోయాడని ఇంకొకడనొచ్చు.

ఆ తరవాత అందరికీ తెలిసిన మామూలు కథ. డబ్బు. రాజమండ్రి చేతికొచ్చింది కానీ రాజుగారి నెల జీతాలు రాలేదు. ఒప్పుకున్న సొమ్ము ఇవ్వడానికి ఆనందరాజు చేతులాడలేదు. వారాలకు వారాలు ఫోర్డ్ అక్కడే కూర్చోవలసి వచ్చింది. రాజును ఆడిపోసుకున్న ఇంగ్లీషు రాతలు బోలెడున్నాయి. నేను మాత్రం అతని వైపు నుంచి కూడా చూస్తాను. పందెంలో పెట్టిన సీమ అతనిది, తిండిగింజలు అతని రైతులవి, ఓడిపోతే కలకత్తాకు ఓడెక్కి పోయే వీలు అతనికి లేదు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టున్న ఆటలో సొమ్ము పెట్టేవాడు చెయ్యి బిగబట్టడం సహజమే.

ఏమైతేనేం, మార్చి మొదటివారంలో ఫోర్డ్ బందరు చేరాడు. ఇక్కడ ముక్కలు లెక్కపెట్టాలి. కోట ఊరికి ఎడంగా, సముద్రపు కాలవ పక్కన, మూడువైపులా బురద మధ్య ఉంది. లోపల కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఐదొందల మంది యూరోపియన్లు, రెండువేలకు పైగా సిపాయిలు. బయట ఫోర్డ్ దగ్గర మూడొందల పైచిలుకు యూరోపియన్లు, పద్నాలుగొందల మంది సిపాయిలు, ఆనందరాజు మూక. ఆ మూకను పక్కన పెడితే ముట్టడించేవాళ్ళకంటే ముట్టడిలో ఉన్నవాళ్ళే ఎక్కువ. వెనక ఇంకో ఫ్రెంచి దండు తిరుగుతూ రాజమండ్రిని మళ్ళీ పట్టుకుంది. హైదరాబాదు నుంచి నిజాం సలాబత్‌జంగ్ పెద్ద సేనతో బెజవాడ దాకా వచ్చి కూర్చున్నాడు, ఫ్రెంచివాళ్ళకు సాయంగా. అది చాలదన్నట్టు జీతాలు లేవని గోరా సైనికులు తిరగబడ్డారు. ఫోర్డ్ వాళ్ళను దోపుడు సొమ్ములో వాటా ఆశ చూపి ఎలాగో సముదాయించాడు.

సలాబత్‌జంగ్ పేరు వినేసరికి ఆనందరాజు గుండె జారింది. ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా దండును తీసుకుని ఇంటిదారి పట్టాడు. తెల్లారేసరికి చాలా దూరం పోయాడు. ఫోర్డ్ వెనక మనిషిని పంపి చెప్పించింది ఒక్కటే: ఒంటరిగా పోతే ముందు ఫ్రెంచి దండు, వెనక నిజాం గుర్రాలు, మధ్యలో నువ్వు. రాజు లెక్క చూసుకుని వెనక్కి తిరిగాడు. మధ్యలో లేచిపోతే పడే కౌంటు కూర్చుంటే పడేదానికంటే ఎక్కువని తెలిసినవాడు ఆటలో మిగిలిపోయాడు. ధైర్యమని దీన్నే అంటారు చాలాసార్లు.

ఏప్రిల్ 7న ఫిరంగుల దగ్గరి అధికారులు వచ్చి, మందు ఇంకా రెండు రోజులకే ఉందన్నారు. ఇది ఫోర్డ్ చేతిలో పడ్డ ఆఖరు ముక్క. వెనక్కి పోవాలంటే దారి లేదు, ఉందామంటే మందు లేదు. తెగించినవాడికి తెడ్డే లింగమన్నారు. ఆ రాత్రే కోట ఎక్కుదామన్నాడు.

అయినా కళ్ళు మూసుకుని వెయ్యలేదు పందెం. నడిరేయికి ఆటు తీస్తుంది, అగడ్తలో నీళ్ళు తగ్గుతాయని లెక్క కట్టాడు. నైరుతి వైపు బురదలో ఎవరూ రాలేరని ఫ్రెంచివాళ్ళు అటు కాపలా పెద్దగా పెట్టలేదు, కానీ ఊరివాళ్ళు అందులో పడి నడవడం ఇంగ్లీషువాళ్ళ కంటపడింది. అటునుంచి కెప్టెన్ నాక్స్ ఉత్తుత్తి దాడి చెయ్యాలి. గుమ్మం ముందు రాజు మనుషులు గోల చెయ్యాలి. అసలు దాడి ఈశాన్యపు మూల బురుజు మీద. నడిపించవలసిన కెప్టెన్ కాలెండర్ బయల్దేరే వేళకు కనిపించలేదు. అతనికోసం కాసేపు చూసి, లేకుండానే కదిలారు. మోకాలు దాటిన బురదలో వీళ్ళింకా ఈదుతుండగానే అటు నాక్స్ తుపాకులు మోగాయి. అంటే అనుకున్న లెక్క మొదట్లోనే తప్పింది. అయినా బురుజు దొరికింది.

అక్కణ్ణుంచి గోడమీదుగా ఒక దండు ఒకవైపు, కెప్టెన్ యార్క్ దండు ఒకవైపు వెళ్ళాలి. యార్క్ బాగానే పోతున్నాడు. అంతలో ఒకడికి మందు దాచిన కొట్టు కనబడి, మందుపాతర అని అరిచాడు. అంతే. సైనికులందరూ వెనక్కి తిరిగి పరుగు. యార్క్ వెంట మిగిలింది ఇద్దరు డప్పుకుర్రాళ్ళు, వాళ్ళిద్దరూ దాడి దరువు వాయిస్తూనే ఉన్నారు. ఎవరూ రాలేదు. యార్క్ వెనక్కి పోయి చూస్తే బురుజు దగ్గర అందరూ గుంపుకట్టి, కోట దిగి పారిపోదామా అని చూస్తున్నారు. కదిలినవాణ్ణి చంపుతానన్నాడు. ఇదివరకు అతనితో ఒకే పటాలంలో పనిచేసినవాళ్ళు ముప్పై ఆరుగురు సిగ్గుపడి ముందుకొచ్చారు. ఈ సందులో ఫ్రెంచివాళ్ళు ఒక ఫిరంగిని ఇటు తిప్పి గుళ్ళు దట్టించి సిద్ధంగా ఉన్నారు. పేల్చేసరికి చాలామంది పడ్డారు. యార్క్ రెండు తొడల్లోంచీ గుళ్ళు దూసుకుపోయాయి. అటూఇటూ ఉన్న డప్పుకుర్రాళ్ళిద్దరూ చనిపోయారు.

ఆ అరుపు ఎవరిదో చరిత్రకు తెలియదు. పేరులేని ఒక్క గొంతు ఫోర్డ్ లెక్కలన్నిటినీ, క్లైవ్ తెగువనూ, ఆనందరాజు సీమనూ కొన్ని నిమిషాలపాటు గాలిలో నిలబెట్టింది. డప్పులు వాయించిన కుర్రాళ్ళ పేర్లూ తెలియవు.

మరోవైపు దండు గుమ్మం దగ్గరికి పోతుండగా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, కాలెండర్ ప్రత్యక్షమై ముందు నిలబడ్డాడు. మరుక్షణం గుండు తగిలి కుప్పకూలాడు. దాదాపు అదే ఆఖరు కాల్పు. అప్పటిదాకా ఎక్కడున్నాడో, ఎందుకు రాలేదో చెప్పడానికి అతను మిగల్లేదు. ఇంకొక్క పావుగంట ఆలస్యంగా వచ్చి ఉంటే బతికేవాడు, పిరికివాడనిపించుకునేవాడు.

కాన్‌ఫ్లాన్స్ షరతులతో లొంగుతానని కబురు పంపాడు. ఫోర్డ్ షరతుల్లేవు, లొంగకపోతే అందరినీ నరికేస్తానన్నాడు. కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. తెల్లారాక లెక్క చూస్తే పట్టుబడ్డవాళ్ళు పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువ. చీకట్లో అన్ని మూలలా తుపాకులు మోగుతుంటే ఎదుటివాడి చేతిలో ఎన్ని ముక్కలున్నాయో కాన్‌ఫ్లాన్స్‌కు తెలియలేదు, షో అడిగే ధైర్యం చెయ్యలేదు. కొన్నాళ్ళకే రెండు ఫ్రెంచి ఓడలు మూడొందల మందితో బందరు రేవుకొచ్చి, సంగతి తెలిసి, తిరిగిపోయాయి. మే 14న సలాబత్‌జంగ్ ఫోర్డ్‌తో సంధి చేసుకుని బందరునూ చుట్టుపక్కల సీమనూ ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. అవతల తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు మీద కన్నేశాడు మరి, ఆయన తొందర ఆయనది.

ఇప్పుడు చెప్పండి, ఫోర్డ్ నిర్ణయం మంచిదా?

అది తేల్చేముందు ఇంకో జూదం సంగతి. 1654లో పారిస్‌లో గణితవేత్త పాస్కల్‌ను ఒక జూదరి ఒక చిక్కు అడిగాడు. ఇద్దరు చెరో 32 నాణేలు పందెం కట్టారు. ముందు మూడాటలు గెలిచినవాడికి మొత్తం 64. ఒకడు రెండు, ఒకడు ఒకటి గెలిచాక ఏదో కారణాన ఆట ఆగిపోయింది. సొమ్ము ఎలా పంచాలి? పాస్కల్ సాటి గణితవేత్త ఫెర్మాకు ఉత్తరాలు రాస్తూ తేల్చింది ఇలా: ఇంకొక్క ఆట ఆడి ఉంటే మొదటివాడు గెలిస్తే 64, ఓడితే ఇద్దరూ సమానమై 32. అంటే 32 ఎలాగూ వాడివే. మిగతా 32లో సగం చేర్చి 48 వాడికివ్వాలి, 16 రెండోవాడికి. సంభావ్యతా గణితం పుట్టింది ఆ ఉత్తరాల్లోనే అంటారు. నాకు అందులో నచ్చింది గణితం కాదు. పాస్కల్ అప్పటిదాకా ఎవడు ఎలా ఆడాడో చూడలేదు, ఇంకా జరగని ఆటల్లో ఏమేం జరగొచ్చో అన్నీ లెక్కపెట్టాడు. చరిత్ర రాసేవాడు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. జరిగిన ఆ ఒక్కదాన్నీ పట్టుకుని, జరగొచ్చినవన్నీ చెరిపేస్తాడు.

ఏప్రిల్ 7 సాయంత్రం, ఫిరంగుల వాళ్ళు వచ్చి మాట చెప్పిన క్షణంలో ఆట ఆపి, బల్లమీది సొమ్ము పంచమంటే పాస్కల్ ఎవరికెంత ఇచ్చేవాడు? కాన్‌ఫ్లాన్స్‌కే ఎక్కువ వాటా ఇచ్చేవాడనడంలో నాకు సందేహం లేదు. ఫోర్డ్ వాటా నాలుగోవంతు దాకా వచ్చేదో లేదో. అయినా నా తీర్పు ఫోర్డ్ వైపే. అతని ముందున్నవి మూడు దారులు, మూడూ చెడ్డవే, అందులో ఆ రాత్రి కోట ఎక్కడం కాస్త తక్కువ చెడ్డది. ఓడిపోయి బురదలో చచ్చినా అదే తీర్పిస్తాను. ఆరు నెలల ముందు, కౌన్సిలు మాట వినకుండా అతణ్ణి పంపిన క్లైవ్ విషయంలో మాత్రం అంత గట్టిగా చెప్పలేను. ఆ సైన్యం లేని సమయంలో బెంగాల్లో ఏదైనా జరిగి ఉంటే ప్లాసీ పేరెత్తేవాడుండేవాడు కాదు. డచ్చివాళ్ళు వచ్చింది ఫోర్డ్ తిరిగివచ్చాక. ఏడాది ముందే వచ్చి ఉంటే?

ఇంకో పేచీ ఉంది. పాస్కల్ ఆటకు మూడో గెలుపుతో ముగింపుంది. చరిత్రకు అదీ లేదు. ఆట ఎక్కడ ఆపి లెక్క చూస్తామన్నది చెప్పేవాడి ఇష్టం.

1759 మే దగ్గర ఆపితే ఆనందరాజంత అదృష్టజాతకుడు లేడు. బుస్సీ పోయాడు, ఫ్రెంచివాళ్ళు పోయారు, ఎవరిని పిలిచాడో వాళ్ళే గెలిచారు. అక్కడ ఆపకుండా 1794 దాకా పోదాం. ఆనందరాజు తరవాత గద్దెకెక్కిన మరో విజయరామరాజు కంపెనీకి లక్షల్లో పేష్కష్ బాకీపడ్డాడు. కంపెనీ అతని సంస్థానం లాక్కుని, నెలకు 1200 రూపాయలు భరణమిస్తాం, పోయి ఊరుకాని ఊళ్ళో ఉండమంది. ఏ ఊరో తెలుసా? మచిలీపట్నం, అంటే మన బందరే. అతను బందరు దారి పట్టకుండా పద్మనాభం చేరాడు. జూలై 10న కంపెనీ సైన్యం అక్కడ అతన్నీ, అతని చుట్టూ నిలిచిన దొరలనూ కాల్చి చంపింది. గంటసేపు కూడా పట్టలేదు. ముప్పై అయిదేళ్ళ కిందట గెలిచిన పందెం తాలూకు కౌంటు అప్పుడు పడింది.

1833 దగ్గర ఆపితే నందన కరువు. గుంటూరు సీమలో ఇళ్ళకిళ్ళు ఖాళీ. 1852 దగ్గర ఆపితే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి నీళ్ళు చేలకెక్కుతున్నాయి, ఈనాటికీ అక్కడి రైతులు అది కట్టిన కాటన్ దొరకు దండలేస్తారు. 1864 నవంబరు 1 రాత్రి ఆపితే బందరు మీద ఉప్పెన, ముప్పైవేల మంది. ఈ మూడింటినీ ఆ ఏప్రిల్ రాత్రికి ముడేయడం న్యాయం కాదు, ఒప్పుకుంటాను. ఉప్పెనకు ఏ దొర అయినా ఒకటే. కానీ ఫ్రెంచివాళ్ళే మిగిలి ఉంటే మేలు జరిగేదని కొందరూ, కాటన్ వచ్చేవాడా అని కొందరూ వాదించుకుంటుంటే, ఇద్దరూ తమకు నచ్చిన చోట ఆట ఆపుకున్నారని మాత్రం తెలిసిపోతుంది.

ఆటగాళ్ళ సంగతి కూడా చెప్పాలి. సలాబత్‌జంగ్‌ను కొన్నేళ్ళకే తమ్ముడు దింపి బీదర్ కోటలో వేశాడు, అక్కడే చచ్చిపోయాడు. ఫోర్డ్‌కు బందరు గెలిచినందుకు లండనులోని డైరెక్టర్ల దగ్గర దక్కిన మర్యాద అంతంతమాత్రం. 1769లో కంపెనీ వ్యవహారాలు చక్కదిద్దమని అతణ్ణీ ఇంకో ఇద్దర్నీ అరోరా అనే యుద్ధనౌకలో పంపారు. గుడ్‌హోప్ అగ్రం దాటాక ఆ ఓడ ఏమైందో ఈనాటిదాకా జాడ లేదు. అందులో గుమాస్తాగా ఉన్న విలియం ఫాల్కనర్ కవి. అతనికి పేరు తెచ్చిన కావ్యం పేరు ‘ఓడ మునక’. ఇది నేను కల్పిస్తే సంపాదకుడు కొట్టేసేవాడు.

ఓడినవాళ్ళు పూర్తిగా లేచిపోలేదు. తరవాతి సంధుల్లో ఫ్రెంచివాళ్ళకు యానాం తిరిగి దక్కింది, 1954 దాకా ఉంది. అది అందరికీ తెలుసు. బందరులో ఫ్రెంచిపేట సంగతి బయటివాళ్ళకు అంతగా తెలియదు. వ్యాపారపు కొట్టు కోసం మిగిలిన ఆ పిసరు నేల మీద వాళ్ళ హక్కు కాగితాల్లో అలాగే నడుస్తూ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు 1947 ఆగస్టులో వెళ్ళిపోయారు. ఫ్రెంచివాళ్ళు ఆ జాగాను మనకప్పగించింది అక్టోబరులో.